రెండో పేజీ

బాలామణి మ్యారేజ్ బ్యూరోలో చేరిన రోజున శ్రీదుర్గకు అప్పగించిన పని ఒక్కటే. కంప్యూటర్లో ఏ ఫైలు ఎక్కడుందో అడిగిన వెంటనే దొరికేలా చెయ్యాలి. అంతకు ముందు ఆమె తిరువూరు బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డులూ ఫ్లెక్సీలూ టైపు చేసేది. దాని యజమాని ఖమ్మం వెళ్ళిపోవడంతో పని పోయింది. ఆ సంగతి తెలిసి బాలామణే కబురు పెట్టింది.

ఊళ్ళో బాలామణిని ఎరగనివాళ్ళు తక్కువ. అరవై దాటిన మనిషి. నుదుట పెద్ద బొట్టు, చేతినిండా గాజులు, మాట పంచదార పాకం. మెట్లెక్కి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు, తర్వాత కాఫీ, ఆ తర్వాతే సంబంధం మాట. షావుకార్లు, రైతులు, చర్చికెళ్ళే టీచర్లు, అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. ఇటు రెడ్డిగూడెం నుంచి అటు రాష్ట్ర సరిహద్దు దాటి సత్తుపల్లి దాకా పెళ్ళి కావలసిన పిల్లల బయోడేటాలన్నీ ఆ మేడమీది గదిలోనే ఉండేవి.

శ్రీదుర్గ అన్నయ్య మురళీకృష్ణ బయోడేటా కూడా చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది. అతనికి గంపలగూడెం రోడ్డులో ట్రాక్టర్ విడిభాగాల షాపు. వయసు ముప్పై ఏడు. తల్లీ తండ్రీ పోయారు. శ్రీదుర్గ పెళ్ళయి అదే ఊళ్ళో వేరే ఉంటోంది. పెళ్ళిచూపులకు వెళ్ళినచోటల్లా వాళ్ళు మర్యాదగానే మాట్లాడేవారు. వారం తిరక్కుండా బాలామణి ఫోన్ చేసేది.

"వాళ్ళకెందుకో కుదర్లేదమ్మా. మనసులో పెట్టుకోకండి. ఇంకోటి చూద్దాం."

ఎందుకు కుదరలేదో ఎవరూ చెప్పలేదు. గోళ్ళలోంచి ఎంత తోమినా పోని గ్రీజు వల్లనేమో అనుకున్నాడు మురళి. జుట్టు పల్చబడినందుకేమో అనుకున్నాడు. ఇంటికి రేకుల కప్పున్నందుకేమోనని అప్పు చేసి స్లాబు వేయించాడు. అయినా కుదరలేదు. ఇప్పుడు పెళ్ళి మాటెత్తితే లేచి షాపుకి పోతాడు.

చెల్లెలు బాలామణి దగ్గర పనికి కుదిరిందని విని, "మంచిదేలే, ఆవిడ మనకోసం చాలా తిరిగింది పాపం," అన్నాడు.

*

బ్యూరోలో ఫైళ్ళు చూసేసరికి శ్రీదుర్గకు తల తిరిగింది. నాలుగైదేళ్ళలో ఎందరో ఆపరేటర్లు మారారు. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టారు. ఒక ఫైలు పేరు 'కొత్త అబ్బాయి', ఇంకొకటి 'కొత్త అబ్బాయి అసలు', మరొకటి 'పొడుగు'. 'విస్సన్నపేట నర్సు' అన్న ఫైలు తెరిస్తే అందులో బ్యాంకులో పనిచేసే కుర్రాడున్నాడు. పేరు కొట్టి వెతికితే ఏదీ దొరికేది కాదు.

అందుకని లోపలున్న మాటలతో వెతికే ఏర్పాటు చేసింది. అదీ తేలిగ్గా కుదరలేదు. బయోడేటాలన్నీ పాత డీటీపీ ఫాంటులో టైపు చేసినవి. మన కంటికి తెలుగులా కనిపిస్తుంది కానీ కంప్యూటర్‌కి అది తెలుగు కాదు, అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస. మామూలు తెలుగులో వెతికితే ఏమీ లేదంటుంది. శ్రీదుర్గ కావలసిన మాటను ఆ పాత ఫాంటులోనే టైపు చేసి, దాన్ని తీసుకెళ్ళి వెతికే గడిలో అతికించేది. గడిలో పిచ్చిగీతలు కనపడేవి కానీ, ఆ మాట ఏయే ఫైళ్ళలో ఉందో అన్నీ వరసగా వచ్చి నిలబడేవి.

మొదటిసారి అది పనిచేసినప్పుడు బాలామణి మురిసిపోయింది. రెడ్డిగూడెం నుంచి ఒకాయన వచ్చి, పోయినేడు చూపించిన అమ్మాయి మళ్ళీ కావాలన్నాడు. పేరు గుర్తులేదు, ఊరు గుర్తులేదు. తండ్రి పోస్టుమాస్టరని మాత్రం గుర్తుంది. శ్రీదుర్గ ఆ ఒక్క మాట కొట్టి నిమిషంలో అమ్మాయి ఫొటో ఆయన ముందు పెట్టింది.

"మా దుర్గ బంగారమండీ," అంది బాలామణి ఆయనతో.

మే నెల. మధ్యాహ్నాలు ఎండకి ఎవరూ వచ్చేవారు కాదు. బాలామణి పక్కన కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తినేది. ఆ చేత్తోనే మౌసు పట్టుకుని ఫొటోలు పైకీ కిందికీ జరిపేది. ఆమె లేచి వెళ్ళాక మౌసు జిగటగా, కారం కారంగా ఉండేది. శ్రీదుర్గ రోజూ తడిగుడ్డతో తుడుచుకునేది. అప్పటికి ఆమెకు ఆ మనిషి మీదున్న విసుగు అంతమాత్రమే.

ఒకరోజు మధ్యాహ్నం బాలామణి భోజనానికి ఇంటికెళ్ళింది. ఆ వేళకి ఫోన్ వచ్చింది. అవతల ఎవరో ఆడమనిషి. తమ అమ్మాయికి సొంత షాపున్న అబ్బాయి కావాలని, అంతకు ముందు ఎవరిదో ట్రాక్టర్ విడిభాగాల షాపని బాలామణి చెప్పినట్టు గుర్తని అంది. శ్రీదుర్గ పెన్ను అందుకుంది. అది తన అన్నయ్యే. వివరాలు తీసి చెబుతానని ఫోన్ పెట్టేసి, 'విడిభాగాల షాపు' అని కొట్టింది.

ఒక్క ఫైలే రావాలి. చాలా వచ్చాయి.

మొదటిది మురళిది. తక్కినవన్నీ ఆడపిల్లల ఫైళ్ళు. ఆడపిల్లల బయోడేటాల్లో ట్రాక్టర్ విడిభాగాల మాట ఎందుకుంటుందో ఆమెకు అర్థం కాలేదు. ఒకటి తెరిచింది. మొదటి పేజీలో అమ్మాయి పేరు, చదువు, ఎత్తు, నక్షత్రం. ఎక్కడా షాపు ఊసు లేదు. పేజీ కిందికి జరిపింది. చాలా ఖాళీ తర్వాత రెండో పేజీ ఒకటుంది. ప్రింటు తీసేటప్పుడు ఎప్పుడూ మొదటి పేజీ ఒక్కటే తీయమని బాలామణి ఎందుకు చెబుతుందో అప్పుడు తెలిసింది.

రెండో పేజీలో ఇలా ఉంది.

'తిరువూరు విడిభాగాల షాపు అబ్బాయి. ఫిట్స్. రాత్రిపూటే వస్తాయి, బయటికి తెలీదు. ఇంట్లోవాళ్ళు దాస్తున్నారు. మీ అమ్మాయి మన పిల్లలాంటిది కాబట్టి చెబుతున్నానన్నాను, ఎక్కడా అనొద్దన్నాను. నమ్మారు.'

శ్రీదుర్గ చదివిందే మళ్ళీ చదివింది. ఇంకో ఫైలు తెరిచింది. అవే మాటలు. చివర 'నమ్మారు'. మరొకటి. అందులో 'తండ్రి నమ్మాడు, తల్లి అనుమానపడింది'. తెరిచిన కొద్దీ వస్తూనే ఉంది. పెళ్ళిచూపులకని ఏ ఊళ్ళో ఏ ఇంట్లో కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి స్వీటూ హాటూ తిని వచ్చారో, ఆ ఇళ్ళన్నీ అక్కడున్నాయి. గంపలగూడెం శ్రీరాములుగారి అమ్మాయి సాయిప్రసన్న ఫైలు కూడా ఉంది. ఆ సంబంధం ముహూర్తం పెట్టుకునేదాకా వెళ్ళింది. నెలరోజులు వాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. మురళి అప్పుడే కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు.

ఇంత పగ ఎందుకని ఆలోచించింది శ్రీదుర్గ. తమ కుటుంబం ఆవిడకి చేసిన చెడేమిటో ఎంత వెతికినా తట్టలేదు. అప్పుడొక అనుమానం వచ్చింది. అన్నయ్య మాట తీసేసి, 'రాత్రిపూటే వస్తాయి, బయటికి తెలీదు' అన్న ముక్కను మాత్రం గడిలో అతికించి వెతికింది.

స్క్రీను నిండిపోయింది.

విస్సన్నపేట అబ్బాయికి రాత్రిపూటే ఫిట్స్ వస్తున్నాయి. రెడ్డిగూడెం మామిడితోట వాళ్ళబ్బాయికి రాత్రిపూటే వస్తున్నాయి. కరెంటాఫీసులో పనిచేసే ప్రేమ్ కిరణ్‌కి, బ్యాంకు కుర్రాడికి, స్కూలు బస్సు నడిపే లాజరుకి, అందరికీ రాత్రిపూటే. అక్షరం మారలేదు. ఒకచోట టైపు చేసి అన్నిచోట్లా అతికించినవి. ఆ పేజీల్లోనే కనబడిన 'వాళ్ళ మేనత్తకి మతి సరిగా లేదు' అన్న ముక్క కొట్టి చూసింది. ఆడపిల్లలు బారులు తీరారు. 'కాలేజీలో ఉండగా ఒకడితో' అని కొట్టబోయి ఆగిపోయింది.

పగైతే అన్నయ్యను ఒక మనిషిగానైనా లెక్కచేసినట్టుండేది. ఇక్కడ అదీ లేదు. దుకాణంలో పొట్లం కట్టడానికి చేతికందిన కాగితం చింపినట్టు, ఆవిడ చేతికందిన పేరును చింపుకుంది.

*

బాలామణి సాయంత్రం పూలు పెట్టుకుని వచ్చింది. స్క్రీను మీదున్నది చూసింది. కంగారు పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రెండో పేజీలు చూశావా?"

"ఇవేంటి పిన్నిగారూ?"

"నా గుర్తు కోసం రాసుకున్నవమ్మా. ఎవరికేం చెప్పానో రాసుకోకపోతే మళ్ళీ వేరేలా చెప్పి దొరికిపోతాం కదా."

"మా అన్నయ్యకి ఫిట్సా?"

"లేవులే. నాకు తెలీదా." ఆవిడ గొంతులో ఓదార్పుంది. "ఆడపిల్ల తండ్రి ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. నేను చూపించిన అబ్బాయి మంచివాడంటే నమ్మాలి. నాకు తెలిసినోళ్ళంతా మంచోళ్ళే అంటే నమ్ముతాడా? అందుకని ముందు ఒకడి లోపం చెప్పాలి, గుట్టుగా, చెవిలో. అమ్మో, ఈవిడ మన మేలుకోరే మనిషి అనుకుంటాడు. ఆ తర్వాత ఏ అబ్బాయిని చూపించినా కళ్ళకద్దుకుంటాడు. అన్ని పెళ్ళిళ్ళు ఊరికే అయ్యాయా?"

"దానికి మా అన్నయ్యే దొరికాడా మీకు?"

"మీ అన్నయ్యొక్కడేనా? చూశావుగా, ఎంతమందో." అదేదో ఊరట కలిగించే సంగతన్నట్టు చెప్పింది. "అయినా మీవాడంటే నాకు అభిమానమే దుర్గా. అందుకే తాగుతాడని చెప్పలేదు, ఆడవాళ్ళ పిచ్చని చెప్పలేదు. జబ్బంటే దేవుడిచ్చింది. పరువు పోయేది కాదు."

శ్రీదుర్గ ఆవిడ ముఖం మీద సిగ్గుగానీ భయంగానీ వెతికింది. ఏమీ లేవు. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో చెబుతున్న మనిషి ముఖం అది.

బాలామణి ముందుకు వంగి స్క్రీను మీద వేలు పెట్టింది. "ఇలా కూడా తియ్యొచ్చా? రెండో పేజీలో మాట కొట్టినా అదెక్కడెక్కడుందో అన్నీ వచ్చేస్తాయా?"

"వస్తాయి."

"నాకూ నేర్పవే. ఇన్నాళ్ళూ ఒక్కో ఫైలూ తెరిచి చూసుకోలేక చచ్చాను. పోయినేడు ఒకే అబ్బాయికి ఒక పిల్ల తండ్రి దగ్గర ఫిట్సనీ, ఆయన తోడల్లుడి దగ్గర గుండెజబ్బనీ చెప్పి ఎంత అవస్థపడ్డానో. ఇది ముందే ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు."

శ్రీదుర్గ లేచి నిలబడింది. బ్యాగు తీసుకుంది.

"కూర్చో తల్లీ, ఎక్కడికి? మీ అన్నయ్య సంగతి నేను చూస్తాగా. వచ్చే నెలలోపు మంచి పిల్లని తెస్తా. ఆ పిల్లకి చూస్తున్న వేరే సంబంధాలేవో నాకు తెలుసు. వాళ్ళని పక్కకి తప్పించడం నాకెంతసేపు."

శ్రీదుర్గ మెట్లు దిగి వచ్చేసింది. కింద చెరకురసం బండి దగ్గర నీళ్ళడిగి పుచ్చుకుని చేతులు కడుక్కుంది. ఆ మౌసు జిగురు ఇంకా వేళ్ళకి ఉన్నట్టే అనిపించి మళ్ళీ కడుక్కుంది.

*

మురళి షాపు మూసే హడావిడిలో ఉన్నాడు. ఆమె చెప్పినదంతా నిలబడే విన్నాడు. అంతా అయ్యాక బల్ల మీద కూర్చున్నాడు.

"దుర్గా, నాకు నిజంగా వస్తాయా?"

ఆమెకు ముందు అర్థం కాలేదు.

"రాత్రిపూట వస్తే నాకు తెలీదు కదా. అమ్మ ఎప్పుడైనా అందా? చిన్నప్పుడు నువ్వేమైనా చూశావా?"

"నీకేమన్నా పిచ్చా అన్నయ్యా? ఆ మాటే అబద్ధమని చెబుతున్నా. పది మందికి అదే మాట రాసింది."

"అవును," అన్నాడు. మళ్ళీ, "సాయిప్రసన్న ఫైల్లో కూడా ఉందా?" అన్నాడు.

ఉందని చెప్పింది. అతను తలూపాడు. ఆ సంబంధం తప్పిపోయాక మూడు నెలలు ఆ అమ్మాయి నంబరు ఫోన్లోంచి తియ్యలేదని శ్రీదుర్గకు తెలుసు. తర్వాత ఆమెకు సత్తుపల్లిలో పెళ్ళయింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

"ఆమె నన్నొకసారి అడిగింది," అన్నాడు మురళి. "రాత్రిళ్ళు బాగా నిద్రపడుతుందా మీకు అని. ప్రేమగా అడిగిందనుకున్నాను."

మర్నాడు పొద్దున్నే అతను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చెల్లెలింటికి వచ్చాడు. బాలామణి దగ్గరికి వెళ్దామన్నాడు. గొడవ పెట్టుకుంటాడేమోనని శ్రీదుర్గ భయపడింది. అతను గొడవ పడలేదు. బ్యూరోలో కుర్చీ అంచున కూర్చుని, చాలా నెమ్మదిగా అడిగాడు.

"నా గురించి ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ నా ముందు ఫోన్ చెయ్యండి. అది నిజం కాదని చెప్పండి. నాకింకేం వద్దు."

బాలామణి తటపటాయిస్తుందనుకుంది శ్రీదుర్గ. ఆవిడ వెంటనే ఫోన్ తీసింది. "దానికేముంది బాబూ, ఇప్పుడే చెప్పేద్దాం. స్పీకరు పెడతాను, నువ్వూ విను."

మొదట విస్సన్నపేటకు చేసింది. ఎవరో పెద్దావిడ ఎత్తింది. బాలామణి కుశలప్రశ్నలన్నీ అడిగి, అప్పట్లో తిరువూరు అబ్బాయి గురించి తాను చెప్పిన జబ్బు మాట నిజం కాదట, తెలియక అన్నానని చెప్పింది.

"ఏ అబ్బాయండీ?" అంది ఆవిడ. ఎంతసేపు చెప్పినా ఆమెకు గుర్తు రాలేదు. "ఆ షాపతనా? జబ్బుదేముందిలెండి, మా అమ్మాయి షాపులవాళ్ళు వద్దంది. మీరేదో చెబితే సరే అదొక కారణం దొరికిందిలే అనుకున్నాం."

మురళి చూపు నేల మీదికి పోయింది.

రెండో ఫోన్ రెడ్డిగూడేనికి. అక్కడి మగమనిషి అంతా విని నవ్వాడు. "వాళ్ళ చెల్లెలు ఇప్పుడు మీ దగ్గరే పనిచేస్తుందంట కదండీ. అర్థమైంది. మీరు మాత్రం ఏం చేస్తారు పాపం. మేం ఎక్కడా అనంలెండి."

"అయ్యో, అలాంటిదేం కాదండీ," అంది బాలామణి. ఆ 'అయ్యో'లో ఏదో విరుపుంది. విన్నవాడికి తానన్నదే నిజమనిపించే విరుపు. ఏళ్ళ తరబడి అలా పలికీ పలికీ ఆవిడ గొంతుకి అదే అలవాటైంది. నిజం చెప్పాలనుకున్నా అది అబద్ధంలాగే బయటికి వస్తోంది. మురళి ముఖం చూసి శ్రీదుర్గ ఇక చాలనుకుంది. ఆమె ఆపమనేలోగా బాలామణి మూడో నంబరు కలిపింది. శ్రీరాములుగారిది.

ఆయన అంతా విన్నాడు. చాలాసేపు అటునుంచి చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమోనని బాలామణి "అలో, అలో" అంది.

"ఉన్నానమ్మా," అన్నాడాయన. "ఆ అబ్బాయి మీ దగ్గరున్నాడా?"

మురళి ముందుకు వంగాడు. "ఉన్నానండి."

"బాబూ, ఇప్పుడిది తెలిసి నేను చేసేదేం లేదు. అమ్మాయి దాని ఇంట్లో అది బాగానే ఉంది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈవిడ చెప్పినప్పుడు నాకు నిద్రపట్టలా. బండేసుకుని మీ షాపుదాకా వచ్చాను ఒకరోజు. ఎదురుగా నిలబడ్డాను. నువ్వు ఎవరితోనో బేరమాడుతున్నావు. లోపలికొచ్చి అడిగితే అయిపోయేది. మొహమాటపడి తిరిగి వెళ్ళిపోయాను. అడగాల్సింది."

"పర్లేదండి," అన్నాడు మురళి. ఫోన్ పెట్టేశాక, "చాలు, ఇంకెవరికీ చెయ్యొద్దు," అన్నాడు.

బాలామణి కళ్ళు ఒత్తుకుంది. నిజంగానే తడి ఉంది వాటిలో. "ఎంత మంచాయన," అంది. తర్వాత శ్రీదుర్గ వైపు తిరిగి, "కాఫీ కలపమ్మా, అన్నయ్యకి కూడా," అంది.

శ్రీదుర్గ ఆవిడ ముఖంలోకి చూసింది. తాను అన్న మాటకీ, ఇప్పుడు కార్చిన కన్నీటికీ ఏదో సంబంధం ఉందని ఆ మనిషికి తోచడమే లేదు. ఆవిడకన్నా పెంటకుప్ప నయమనిపించింది. కాఫీ కలపలేదు. గది తాళంచెవి బల్లమీద పెట్టి అన్నయ్యతో కలిసి మెట్లు దిగింది.

*

ఊరుకోలేక ఆమె ఇంకొక పని చేసింది. కరెంటాఫీసు ప్రేమ్ కిరణ్ తల్లి జ్ఞానమణి ఒకప్పుడు తనకు ఐదో తరగతిలో టీచరు. ఆవిడింటికి వెళ్ళి, మీ అబ్బాయి గురించి కూడా ఇలా రాసి ఉందని చెప్పింది. జ్ఞానమణి నోట చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత ఏడ్చింది. బిడ్డకి ఏ జబ్బూ లేదని, ప్రతి ఆదివారం చర్చిలో అందరి ముందూ కీబోర్డు వాయిస్తాడని, ఎవరినైనా అడగమని అంది. తన ముందు రుజువు చేయక్కర్లేదని శ్రీదుర్గ ఎంత చెప్పినా ఆగలేదు.

"ఆ బాలామణిని దేవుడు చూస్తాడమ్మా," అంది చివరికి. "ఇక చచ్చినా ఆ మెట్లు ఎక్కను."

సంగతి ఊళ్ళో పాకింది. వారంరోజులు బ్యూరోకి జనం తగ్గారు. ఎవరో ఇద్దరు వెళ్ళి అరిచి వచ్చారని కూడా విన్నది. ఆ తర్వాత మామూలే. పెళ్ళీడు పిల్లలున్నవాళ్ళకి ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియదు. బాలామణి వేరే ఆపరేటర్‌ని పెట్టుకుంది.

మురళి ఒకరోజు షాపు మూసి విజయవాడ బస్సెక్కాడు. సాయంత్రం తిరిగొచ్చి చెల్లెలింట్లో అన్నం తింటూ చెప్పాడు.

"తల డాక్టరుకి చూపించుకున్నా. అన్ని పరీక్షలూ చేశారు. ఏం లేదన్నాడు."

"ఏం లేదని నీకు తెలుసు కదా అన్నయ్యా."

"తెలుసు. అయినా ఒకసారి ఎవరిచేతైనా అనిపించుకోవాలనిపించింది."

అతను మజ్జిగ పోసుకున్నాడు. ఆవిడ మాట అన్నయ్య తలలోదాకా వెళ్ళి కూర్చుందని, దాన్ని బయటికి తియ్యడానికి అంతదూరం పోయి రావలసి వచ్చిందని తలుచుకుంటే శ్రీదుర్గకు అన్నం సహించలేదు. కంచం ముందునుంచి లేచిపోయింది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం జ్ఞానమణి గొడుగు వేసుకుని వచ్చింది. కొత్త కొలువు దొరికిందా అని అడిగింది. జిరాక్స్ షాపులో పని దొరికిందని శ్రీదుర్గ చెప్పింది. టీ ఇచ్చింది. ఆవిడ టీ తాగుతూ, ప్రేమ్ కిరణ్‌కి గంపలగూడెంలో ఒక అమ్మాయిని చూశామని, నర్సని, నెమ్మదస్తురాలని చెప్పింది. మంచిమాట అంది శ్రీదుర్గ.

జ్ఞానమణి గొంతు తగ్గించింది. "నీ దగ్గర ఆ ఫైళ్ళు ఉన్నాయంట కదమ్మా."

"ఏ ఫైళ్ళు టీచరుగారూ?"

"అవే, రెండో పేజీలవి. కాపీ తెచ్చుకున్నావని అంతా అంటున్నారు. వినీలని, ఆ అమ్మాయి పేరు. తండ్రి అంతోనయ్య. ఒక్కసారి కొట్టి చూడు. ఏమన్నా ఉందేమో."

శ్రీదుర్గ ఆవిడ వైపు చూసింది. ఆవిడ కళ్ళలో ఆత్రం కనిపిస్తోంది. ఆ రోజు ఏడ్చిన కళ్ళే.

"నా దగ్గర ఏ కాపీ లేదండీ. ఉన్నా చూడను. మీ అబ్బాయి గురించి ఏం రాసుందో మీకు చెప్పాను కదా."

"అది అబద్ధమమ్మా. మావాడి సంగతి నాకు తెలుసు కాబట్టి అబద్ధమని తెలిసింది." జ్ఞానమణి కప్పు కింద పెట్టింది. "అంతమాత్రాన అందరి గురించీ రాసినవన్నీ అబద్ధాలైపోతాయా? ఎక్కడో ఒకటైనా నిజముండదూ? పెళ్ళంటే మాటలా? మన జాగ్రత్త మనం పడాలి."

"వాళ్ళింటికెళ్ళి ఆ అమ్మాయినే అడగండి."

"అడిగితే చెబుతారా ఎవరైనా?"

ఆవిడ శ్రీదుర్గ వైపు చెయ్యి చాచింది. చిన్నప్పుడు ఎక్కాలు తప్పుచెబితే మళ్ళీ చెప్పించి, ఒప్పజెప్పాక తల నిమిరిన చెయ్యి అది. ఇప్పుడా చెయ్యి తన మోచేతి మీద ఉంది, బతిమాలుతూ. మెల్లిగా దాన్ని తీసి పక్కన పెట్టింది.

"లేవు టీచరుగారూ. నా దగ్గర లేవు."

నమ్మలేదని ఆవిడ ముఖమే చెప్పింది. గొడుగు తీసుకుని లేచింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"బాలామణిగారు సాయంత్రాలు ఎన్నింటిదాకా ఉంటారు?"

శ్రీదుర్గ తలుపు వేసి గడియ పెట్టింది.